రవాణా పరిశోధనకు సర్కారు సాయం: సీమ కళాశాలలు ఏ తలుపు తట్టాలి?

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. అయినా రోడ్డు కింది మట్టి బలాన్ని కొలిచే సీబీఆర్ పరీక్ష కోసం ఇక్కడి ల్యాబుల్లోనూ మట్టి దిమ్మెను నాలుగు రోజులు నీళ్లలో నానబెడతాం. వానలు ముంచెత్తే కోనసీమ మట్టికీ అదే పద్ధతి, మబ్బు కోసం ఎదురుచూసే కళ్యాణదుర్గం మట్టికీ అదే పద్ధతి. కొన్నేళ్ల కిందట మా ఎం.టెక్ తరగతిలో ఒక అమ్మాయి లేచి, "సార్, మన దగ్గర రోడ్డు కింది మట్టి ఎప్పుడైనా నాలుగు రోజులు నానుతుందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు కనుక్కోవాలంటే కనీసం మూడు వానాకాలాల పాటు నిజమైన రోడ్డు అంచున గుంతలు తవ్వి, తేమ కొలిచి రాసుకోవాలి. అందుకు డబ్బు కావాలి. రోడ్డు తవ్వడానికి అనుమతి కావాలి. ఆ పని చేసే మనిషి మూడేళ్లు ఇక్కడే ఉండాలి. ఆ అమ్మాయి తనకు దొరికిన వాటిలో అన్నింటికంటే పెద్ద ఫెలోషిప్ ఎంచుకుని దూరపు నగరానికి వెళ్లింది. అక్కడ మెట్రో స్టేషన్లలో రద్దీ మీద మంచి పరిశోధన చేసింది. ఆమె నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఇక్కడే, కళ్యాణదుర్గం రోడ్డు పక్కనే మిగిలిపోయింది.

ఏటా వేసవిలో కర్నూలు, కడప, అనంతపురం పిల్లలు, కొత్తగా చేరిన అధ్యాపకులు నన్ను అడిగే మొదటి మాట ఒకటే: ఏ పథకంలో ఎక్కువ డబ్బు వస్తుంది? నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మన ప్రాంతపు కళాశాలల్లో డబ్బు కంటే పెద్ద కొరత రెండింటికి ఉంది: డేటా, ప్రయోగం చేసి చూడటానికి ఒక రోడ్డు ముక్క. ఏ సాయం ఆ రెండింటినీ వెంట తీసుకొస్తుందో ముందు చూడాలి. కింద నేను చేసే పోలిక అంతా ఈ కొలబద్దతోనే.

ఇన్ని తలుపులు ఎందుకు

అమెరికాలో 1987లో ఒక చట్టం ద్వారా విశ్వవిద్యాలయ రవాణా కేంద్రాల కార్యక్రమం మొదలుపెట్టారు. రవాణా శాఖే విశ్వవిద్యాలయాలకు నేరుగా డబ్బిస్తుంది. పరిశోధన, విద్యార్థుల శిక్షణ, ఫలితాలను రోడ్డు మీదకు చేర్చడం మూడూ ఒకే గ్రాంటులో ఉంటాయి. 2023లో అలాంటి 35 కేంద్రాలను ఎంపిక చేశారు. అమెరికా ప్రభుత్వం ఇచ్చేదానికి తోడుగా పెద్ద కేంద్రాలు అంతే మొత్తాన్ని, చిన్నవి అందులో సగాన్ని రాష్ట్రాల నుంచో ఇతరుల నుంచో తెచ్చుకోవాలి. ఆ నిబంధన వల్ల స్థానిక రోడ్ల శాఖ మొదటి రోజు నుంచే పరిశోధనలో భాగస్వామి అవుతుంది.

మన దగ్గర అలాంటి ఒకే గొడుగు లేదు. విద్యార్థి స్టైపెండు విద్యా శాఖ వైపు నుంచి వస్తుంది. అధ్యాపకుడి ప్రాజెక్టు సైన్సు విభాగం వైపు నుంచి, జాతీయ రహదారి సంగతి రోడ్డు రవాణా శాఖ నుంచి, పల్లె రోడ్డు గ్రామీణాభివృద్ధి శాఖ నుంచి, నగర బస్సు సంగతి పట్టణ వ్యవహారాల శాఖ నుంచి వస్తాయి. పట్టణ రవాణా కోసం పట్టణ వ్యవహారాల శాఖ ఢిల్లీ ఐఐటీ, మద్రాస్ ఐఐటీ, వరంగల్ ఎన్‌ఐటీ, అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేక కేంద్రాలు పెట్టింది. మనకు అందుబాటు దూరంలో ఉన్నవి మద్రాస్, వరంగల్ రెండే. కాబట్టి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం ఒక్క దరఖాస్తుతో చేసే పనిని మనం రెండు మూడు సాయాలను ముడివేసి చేసుకోవాలి. ఏ రెండింటిని ముడివేయాలి అన్నదే అసలు ఎంపిక.

ఎం.టెక్ చేయాలనుకునేవారికి

ఇక్కడ లెక్క తేలిక. ఇంజనీరింగ్ పీజీ కోసం జాతీయ స్థాయిలో జరిగే గేట్ పరీక్ష అర్హతతో పూర్తికాలపు ఎం.టెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల చొప్పున 24 నెలలు వస్తాయి. ఐఐటీలో చేరినా అంతే, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఉన్న మన జిల్లా కళాశాలలో చేరినా అంతే. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఐఐటీలో ఎక్కువ ఇస్తారని అనుకుంటారు. చేతికి వచ్చే డబ్బు సమానమైనప్పుడు మిగతావాటినే పోల్చాలి.

మీ ఆసక్తి ట్రాఫిక్ సిమ్యులేషన్, నగర రవాణా ప్రణాళిక, రైల్వే ట్రాక్ వంటి వాటి మీద ఉంటే వరంగల్ ఎన్‌ఐటీకో, మద్రాస్ లేదా తిరుపతి ఐఐటీకో వెళ్లండి. ఆ సాఫ్ట్‌వేర్, ఆ గురువులు, ఆ సహాధ్యాయులు మన దగ్గర దొరకరు. మట్టి, తారు, కంకర, పల్లె రోడ్డు, రహదారి భద్రత మీ అంశమైతే ఇక్కడే చేరడాన్ని తక్కువగా చూడవద్దు. నంద్యాల వైపు నల్లరేగడి వేసవిలో చెయ్యి పట్టేంత వెడల్పున బీటలు వారుతుంది, తొలకరికి ఉబ్బుతుంది. దాని మీద వేసిన రోడ్డు అలలు అలలుగా లేస్తుంది. తాడిపత్రి, బేతంచర్లల్లో నాపరాళ్లను కోసి పాలిష్ పట్టే యూనిట్ల నుంచి వచ్చే సున్నపురాతి పొడి గుట్టలుగా పడి ఉంటుంది. ఒకచోట జబ్బు, పక్కనే మందు కాగల పదార్థం. ఏ ఐఐటీ ల్యాబుకైనా ఈ రెండింటినీ లారీలో తెప్పించుకోవాలి. మనకు మోటారు సైకిలు చాలు.

ఒక్క హెచ్చరిక. గేట్ స్టైపెండు దానంతట అదే ఖాతాలో పడదు. కళాశాల మీ పేరును పోర్టల్‌లో నమోదు చేయాలి, ప్రతి నెలా హాజరును ధ్రువీకరించాలి, మీ పేరు మీదున్న సాధారణ పొదుపు ఖాతాకు ఆధార్ అనుసంధానం ఉండాలి. వారానికి 8 నుంచి 10 గంటలు బోధనలోనో ల్యాబులోనో సాయం చేయాలి. చేరేముందు అక్కడి రెండో ఏడాది విద్యార్థిని కలిసి, స్టైపెండు ఏ నెలదాకా అందిందో అడగండి. ఆ ఒక్క జవాబు కళాశాల పనితీరు గురించి ఏ కరపత్రమూ చెప్పనిది చెబుతుంది.

గేట్ లేకుండా రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ద్వారా చేరితే ఈ స్టైపెండు రాదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి, ఈ ఏడాది ర్యాంకు సరిగా రాకపోయినా అర్హత వచ్చిందా లేదా అన్నదే చూసుకోండి. స్టైపెండుకు అర్హత చాలు.

ఇంటర్ పిల్లలూ ఈ మధ్య అడుగుతున్నారు కనుక ఒక మాట. వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయం 2018లో రైల్వే విద్యాసంస్థగా మొదలై 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. బి.టెక్ ప్రవేశం జేఈఈ మెయిన్ ద్వారానే. రైళ్లన్నా, సరుకు రవాణా నిర్వహణ అన్నా ఇష్టమున్న పిల్లలకు మంచి చోటు. గుంతకల్లు వంటి జంక్షన్ ఊళ్లో రైళ్ల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలను నేను ప్రత్యేకంగా అటువైపు పంపుతాను.

పీహెచ్‌డీ దగ్గర అసలు చిక్కు

ఇక్కడ అంకెల మధ్య తేడా పెద్దది. అందుకే తప్పటడుగులూ ఎక్కువే.

ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ కింద మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడు 75,000, ఆ తర్వాత 80,000 రూపాయలు ఇచ్చేలా 2018లో పథకం మొదలైంది. ఏటా 2 లక్షల పరిశోధన ఖర్చు దానికి అదనం. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఐఐటీలు, ఐఐఎస్సీలో అయిదేళ్లలో 10,000 ఫెలోషిప్‌లు ప్రకటించారు. మన మూడు జిల్లాల కళాశాలల్లో దీన్ని అందుకునే వీలు లేదు. ఊరు వదలాలి, ఆ సంస్థ ఎంచుకున్న సమస్య మీద పనిచేయాలి. రెండూ మీకు ఇష్టమైతే సందేహించకుండా వెళ్లండి.

రెండోది జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్). 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. ఈ ఫెలోషిప్‌కు మామూలు దారి అయిన యూజీసీ నెట్ పరీక్షలో సివిల్ ఇంజనీరింగ్ పేపరు లేదన్న సంగతి మనవారికి తరచూ ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి మనకు ఈ మొత్తం సాధారణంగా వచ్చే దారి వేరు: ఒక అధ్యాపకుడికి మంజూరైన ప్రాజెక్టులో గేట్ అర్హతతో జేఆర్‌ఎఫ్‌గా చేరడం. దీంట్లో ఒక మేలుంది, ఒక ప్రమాదముంది. మేలు ఏమిటంటే పరికరాల డబ్బు, ప్రయాణపు డబ్బు ప్రాజెక్టులోనే ఉంటాయి. ప్రమాదం ఏమిటంటే ప్రాజెక్టు మూడేళ్లకు ముగుస్తుంది, పీహెచ్‌డీ సాధారణంగా అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మిగిలిన కాలానికి ఏం చేస్తారో చేరిన రోజే గైడును అడిగి తెలుసుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడి ఊరుకున్న పిల్లలు నాలుగో ఏట ప్రైవేటు కళాశాలల్లో పార్ట్‌టైమ్ పాఠాలు చెబుతూ థీసిస్ రాయడం నేను చూశాను.

మూడోది ఏఐసీటీఈ డాక్టోరల్ ఫెలోషిప్. ఇది మన తరహా కళాశాలలను దృష్టిలో పెట్టుకున్నదే, మొత్తం జేఆర్‌ఎఫ్‌తో సమానం. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. నోటిఫికేషన్ వచ్చినప్పుడు పట్టుకోవడానికి ముందుగానే రెండు పేజీల పరిశోధన ప్రతిపాదన రాసి పెట్టుకున్నవారికే దక్కుతుంది.

గిరిజన విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ జాతీయ ఫెలోషిప్ ఉంది, ఏటా 750 మందికి ఇస్తారు. మన జిల్లాల్లో సుగాలి తండాల నుంచి ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో దీనికి దరఖాస్తు చేసినవారు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కనిపించారు. తండాకు రోడ్డు వస్తే బడి ఎంత దగ్గరవుతుంది, నల్లమల చెంచు గూడెంలో నిండు గర్భిణి ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి రవాణా పరిశోధన అంశాలే. వాటిని ఆ ఊళ్ల పిల్లలకంటే బాగా ఎవరూ రాయలేరు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కార్యక్రమం చెంచుల వంటి వారి ఆవాసాలకు రోడ్లు వేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. రోడ్డుకు ముందు, రోడ్డు వచ్చాక ఏం మారిందో కొలిచేందుకు ఇంతకంటే సరైన కాలం రాదు.

పెళ్లి వల్లనో పిల్లల వల్లనో చదువు మధ్యలో ఆగిన మహిళలు సైన్సు, సాంకేతిక విభాగం నడిపే వైజ్ కార్యక్రమాన్ని తప్పక చూడాలి.

వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి నా అభిప్రాయం చెబుతాను. ఇల్లు గడవడం మీ చేతి మీదే ఉంటే ఫెలోషిప్ మొత్తమే నిర్ణయాత్మకం, అందులో సిగ్గుపడేది లేదు. ఆ ఒత్తిడి లేనివారు నెలకు 70,000 వచ్చే పరాయి సమస్యకూ 37,000 వచ్చే సొంత సమస్యకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, సొంత సమస్యకు రోడ్డు శాఖ తోడుందా లేదా చూడండి. ఉంటే ఇక్కడే ఉండండి. లేకపోతే వెళ్లిపోండి. శాఖ తోడు లేకుండా ఇక్కడ ఉండి చేసేది చివరికి ల్యాబు బల్ల మీదే ఆగుతుంది.

అధ్యాపకులకు: పెద్ద గ్రాంటా, రోడ్డు శాఖ పనా

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన కళాశాలల దశను మార్చగలిగేది ఇదే.

అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది, అంతకుముందు పరిశోధన గ్రాంటులిచ్చిన సెర్బ్ బోర్డు అందులో కలిసిపోయింది. 2023 నుంచి 2028 దాకా 50,000 కోట్ల రూపాయలు సమీకరించాలన్నది ప్రణాళిక, అందులో కేంద్రం వాటా 14,000 కోట్లు. కొత్త అధ్యాపకులకు ఇందులో ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు ముఖ్యమైనది. మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తారు. నలభై రెండేళ్లు దాటకముందే వేయాలి. కొన్ని వర్గాలకు వయసులో సడలింపు ఉంది.

పెయిర్ అనే మరో కార్యక్రమంలో ఒక పెద్ద సంస్థ బండిచక్రానికి ఇరుసుగా, కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ఎన్‌ఐటీలు, ట్రిపుల్‌ఐటీలు ఆకులుగా చేరతాయి. 1946లో గిండీలో మొదలై 1948లో అనంతపురానికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాల చరిత్ర ఉన్న జేఎన్‌టీయూఏ, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాల వంటివి చూడాల్సిన తలుపు ఇది. ప్రైవేటు కళాశాలలు ఇందులోకి రాలేవు. ఆకుగా చేరేటప్పుడు ఒక్కటే జాగ్రత్త: ఇరుసు సంస్థ రాసిచ్చిన సమస్యను మోయడానికి ఒప్పుకోకండి. మన సమస్య ఒకటి ప్రతిపాదనలో పేరుతో సహా ఉండాలి.

విద్యుత్ వాహనాల మీద ఫౌండేషన్ నడిపే మహా కార్యక్రమంలో ఉష్ణమండల వాతావరణానికి తట్టుకునే బ్యాటరీలు ఒక అంశం. మే నెలలో కర్నూలు ఎండలో ఆటో నడిపేవారికి అది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. సివిల్ విభాగం ఒక్కటే దీన్ని ఎత్తుకోలేదు. ఎలక్ట్రికల్, మెకానికల్ వారితో కలిసి వెళ్లాలి.

ఈ పథకాలు ఇచ్చేది డబ్బు, గౌరవం. ఇవి ఇవ్వనిది రోడ్డు. మూడేళ్ల చివర ఫౌండేషన్ అడిగేది వ్యాసాలు, పేటెంట్లు, శిక్షణ పొందిన విద్యార్థుల లెక్క. మీ మిశ్రమంతో ఎంత రోడ్డు వేశారు అని అడగదు. అడగకపోవడం దాని తప్పు కాదు, అది మౌలిక పరిశోధన కోసం పుట్టిన సంస్థ.

రోడ్డు ఇవ్వగలిగేది రోడ్డు యజమానే. పల్లె రోడ్ల విషయంలో ఆ యజమాని చాలా ఏళ్ల కిందటే కళాశాలల కోసం తలుపు తెరిచి పెట్టాడు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో రాష్ట్ర సాంకేతిక సంస్థలు అనే ఏర్పాటు ఉంది. గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ కళాశాల ప్రతి రోడ్డు సమగ్ర నివేదికను పరిశీలించి, డిజైను సరిచూసి పంపుతుంది. అందుకు రుసుము వస్తుంది. నాలుగో దశకు 2024 సెప్టెంబరులో ఆమోదం లభించింది: 62,500 కిలోమీటర్లు, 25,000 ఆవాసాలు, 70,125 కోట్ల రూపాయలు, 2028–29 దాకా.

రుసుము 60 లక్షల ముందు చాలా చిన్నది. కానీ ఆ పని చేసే కళాశాల బల్ల మీదకు జిల్లాలోని పల్లె రోడ్ల మట్టి పరీక్షలు, ట్రాఫిక్ లెక్కలు, అంచనా ఖర్చులు వాటంతట అవే వచ్చి చేరతాయి. అదే డేటా కోసం బయటి పరిశోధకుడు ఏడాదిపాటు దరఖాస్తులు పెట్టుకుంటూ తిరగాలి. పైగా ఈ పథకం కొత్త పదార్థాలు, కొత్త పద్ధతులతో ప్రయోగాత్మక రోడ్లు వేయడాన్ని ప్రోత్సహిస్తుంది. ఇందాకటి తేమ ప్రశ్ననే తీసుకోండి. తక్కువ ట్రాఫిక్ ఉన్న పల్లె రోడ్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిన ఐఆర్‌సీ నియమావళిలో భూగర్భ నీటిమట్టాన్ని, వానను చూసి మట్టి తేమను నిర్ణయించే వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటును ధైర్యంగా వాడాలంటే స్థానిక కొలతలు ఉండాలి. ఆ కొలతలు తేగలిగిన స్థానంలో ఉన్నది ఈ పనిచేసే కళాశాలే.

జాతీయ రహదారుల సంగతి మరోలా ఉంటుంది. 44వ జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. నంద్యాల, కడపల మీదుగా 40వది, గుత్తి, తాడిపత్రి, మైదుకూరు మీదుగా 67వది. కళాశాలలు తమకు దగ్గరలోని రహదారి భాగాన్ని స్వచ్ఛందంగా దత్తత తీసుకోవచ్చని జాతీయ రహదారుల సంస్థ 2020లో పిలుపునిచ్చింది. దీంట్లో పెద్ద గ్రాంటు ఏమీ లేదు. అందుకే చాలామంది ఒక ఒప్పందం మీద సంతకం పెట్టి, ఫొటో దిగి మరిచిపోయారు. నా లెక్కలో ఇది చేజార్చుకోకూడనిది. కళాశాల గుర్తింపు పత్రంతో, రక్షణ జాకెట్లతో విద్యార్థులు రహదారి మీద నిలబడి వేగం కొలవడానికి, దాటే మనుషులను లెక్కపెట్టడానికి అనుమతి ఉండటమే ఒక ఆస్తి.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బెంగళూరు వెళ్లే ప్రైవేటు బస్సు మంటల్లో కాలిపోయిన తెల్లవారుజాము ఈ జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేరు. అలాంటి ఘోరం జరిగినప్పుడు అందరం మాట్లాడతాం. కానీ 44వ రహదారి మీద ఒక పల్లె ముందు ఒంటరిగా రోడ్డు దాటుతూ చనిపోయే ముసలాయన లెక్క పోలీసు పత్రంలో ఒక గీతగా మిగిలిపోతుంది. అయిదు వందల మీటర్ల లోపు మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు అయిదు జరిగినా, లేదా పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్‌స్పాట్ అంటారు. అయిదో ప్రమాదం జరగకముందే ఆ చోటును గుర్తించే పద్ధతి మన కళాశాలలు తయారుచేయగలవు. ప్రమాదాల వివరాలు మద్రాస్ ఐఐటీ, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్‌ఐసీ కలిసి రూపొందించిన ఐరాడ్ వ్యవస్థలో చేరుతున్నాయి. వాటిని చూడటానికి అధికారిక దారి కలెక్టరు అధ్యక్షతన నడిచే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. ఆ సమావేశానికి మీ విభాగం నుంచి ఒకరు వెళ్లి రావడం మొదలుపెడితే అదే సగం ప్రాజెక్టు.

ఐఐటీ కాని కళాశాల నుంచి దేశమంతటి రోడ్ల మీదకు వెళ్లడం సాధ్యమా అని సందేహించేవారికి మదురై గుర్తుచేస్తాను. అక్కడి త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాలలో రసాయన శాస్త్ర ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ కంకరను వేడిచేసి దాని మీద ప్లాస్టిక్ చెత్తను పూతలా కరిగించి, ఆ తర్వాత తారు కలిపే పద్ధతి తెచ్చారు. ముందు కళాశాల ఆవరణలోనే రోడ్డు వేసి చూపారు. 2013లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దానికి మార్గదర్శకాలు ప్రచురించింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించే ఒక చిన్న పుస్తకంలోకి మన పద్ధతి ఎక్కడమే అసలు గమ్యం. అది ఎక్కితే ప్రతి ఇంజనీరూ దాన్ని అంచనాలో రాయగలడు, ఆడిట్‌కు భయపడనక్కర్లేదు. ఎక్కకపోతే ఎంత మంచి ఫలితమైనా ఇంజనీరు ముట్టుకోడు, ముట్టుకోవడానికి అతనికి అధికారమూ లేదు.

ఏఐసీటీఈ ఇచ్చే ల్యాబు ఆధునికీకరణ సాయం గురించి క్లుప్తంగా: పాత యంత్రాలు మార్చుకోవడానికి వాడుకోండి, దాన్ని పరిశోధన గ్రాంటుగా లెక్కవేయకండి. రోడ్లు, భవనాల శాఖ కోసం కాంక్రీటు దిమ్మెలు పగలగొట్టి నివేదిక ఇచ్చే పరీక్షల పనీ అంతే. ఆదాయం వస్తుంది, సంబంధాలు ఏర్పడతాయి, కానీ విభాగమంతా అందులో మునిగిపోతే అయిదేళ్ల తర్వాత చూపించడానికి రసీదు పుస్తకాలు తప్ప ఏమీ ఉండవు.

డబ్బు వచ్చే కాలం, పోయే కాలం

పథకాలను పోల్చేటప్పుడు మొత్తాన్ని చూసినంత శ్రద్ధగా విడతల కాలాన్ని ఎవరూ చూడరు. నేనూ ఒకప్పుడు చూడలేదు. ఒక సంస్థ నుంచి మా విభాగానికి మంజూరైన ప్రాజెక్టులో మొదటి విడత ఫిబ్రవరిలో వచ్చింది. టెండరు పిలిచే లోపే మార్చి 31 దాటింది. మిగులు వెనక్కి పోయింది. ఖర్చుల లెక్క చూపే వినియోగ పత్రంలో ప్రయాణ ఖర్చును ఒక పద్దు బదులు మరో పద్దులో రాశారని తిప్పి పంపారు. రెండో విడత రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలు జీతం లేక మా రీసెర్చ్ స్కాలరు, చాలా సమర్థుడైన కుర్రాడు, ఒక సిమెంటు కంపెనీలో క్వాలిటీ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆ నష్టం ఏ వినియోగ పత్రంలోనూ రాయలేదు.

అప్పటి నుంచి నేను ప్రతిపాదన రాసేముందు మా అకౌంట్స్ విభాగంలో కూర్చుంటాను. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో దొరకని పరికరం ఉంటే కొనుగోలుకు ఎన్నాళ్లు పడుతుందో అడుగుతాను. మనుషుల జీతాలు ఎక్కువ, యంత్రాలు తక్కువ ఉండే బడ్జెట్టు రాస్తాను. రోడ్డు మీద బరువు పడేసి అది ఎంత కుంగుతుందో కొలిచే, కోట్లు పెట్టి కొనే ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటరు మనకు అక్కర్లేదు. అవసరమైన వారంరోజులు పెద్ద సంస్థ నుంచి అద్దెకు తెచ్చుకోవచ్చు. గుంత తవ్వి తేమ కొలిచే కుర్రవాడికి మూడేళ్ల జీతం మాత్రం అద్దెకు దొరకదు.

ఎవరికి ఏది

కడపలో ప్రైవేటు కళాశాలలో కొత్తగా చేరిన, ముప్పై అయిదేళ్ల లోపు అధ్యాపకురాలు అయితే: ఎర్లీ కెరీర్ గ్రాంటుకు వేయండి. దాంతో పాటే జిల్లా పంచాయతీరాజ్ ఇంజనీరును కలిసి ఒక ప్రయోగ రోడ్డుకు సమ్మతి లేఖ తీసుకుని ప్రతిపాదనకు జతచేయండి. ఆ ఒక్క కాగితం మీ ప్రతిపాదనను మిగతా వాటి నుంచి వేరుచేస్తుంది. ఏడురోడ్ల కూడలిలో ట్రాఫిక్ లెక్కపెట్టే చిన్న పనిని బి.టెక్ ప్రాజెక్టుగా ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు.

కర్నూలులో ప్రభుత్వ సంస్థలో స్థిరపడిన అనుభవజ్ఞుడు అయితే ఒంటరి గ్రాంటుల వెంట పరుగెత్తకండి. పెయిర్ వంటి ఉమ్మడి కార్యక్రమం, దానికి తోడు సడక్ యోజన సాంకేతిక పరిశీలన రెండూ కలిపి ఎత్తుకోండి. ఇంకో అంశం చేతికందే దూరంలో ఉంది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకంతో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. పత్తికొండ నుంచి, ఆదోని నుంచి కర్నూలుకు పనికి వచ్చే మహిళల ప్రయాణం ఎలా మారింది, ఆటోలు నడిపేవారి ఆదాయం ఏమైంది అన్నవి ఇప్పుడే కొలవాలి. పదేళ్ల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు. అర్థశాస్త్ర విభాగాన్ని కలుపుకోండి.

ఎం.టెక్ రెండో ఏడాదిలో ఉండి, పీహెచ్‌డీకి వెళ్లాలా, ఉద్యోగంలో చేరాలా అని ఊగిసలాడుతున్న విద్యార్థి అయితే, నిర్ణయాన్ని ఆరు నెలలు వాయిదా వేసి, మీ థీసిస్‌ను నిజమైన రోడ్డు మీద చేయండి. ఆ ఎండలో పని నచ్చితే పరిశోధనకు రండి.

అనంతపురంలోనే ఉండి మట్టి తేమ ప్రశ్నను ఎత్తుకోవాలనుకునేవారు ఎవరైనా ఉంటే, నేను ముడివేసే సాయాలు ఇవి: మనిషికి గేట్ స్టైపెండు, ఆ తర్వాత ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్, రోడ్డుకు సడక్ యోజన కింద కళ్యాణదుర్గం వైపో, రాయదుర్గం వైపో వేస్తున్న ఒక పల్లె రోడ్డు, పరికరాలకు మా ల్యాబులో ఉన్న ఓవెను, మట్టి తోడే ఆగర్లు, తూకం చాలు. సమ్మతి లేఖ ఏప్రిల్‌లోపు రావాలి. అప్పుడు జూన్ తొలకరికి ముందే మొదటి గుంత తవ్వి, పొడి మట్టి తేమ ఎంతో రాసుకోగలం.